ఉటంకింపుల లెక్కలో యల్లాప్రగడ సుబ్బారావు

వైద్యకళాశాలలో జీవరసాయనశాస్త్రము చదువు విద్యార్థి రక్తములోని భాస్వరమును కొలుచు విధానమును నేర్చుకొనునాడు "ఫిస్కే–సుబ్బారావు పద్ధతి" అని తన ప్రయోగపుస్తకములో శీర్షిక వ్రాసికొనును. గాజుగొట్టములోని ద్రవము నీలివర్ణమునకు తిరుగును. ఆ నీలిమ గాఢతను బట్టి లెక్క తేలును. ఉపాధ్యాయుడు సంతకము చేయును. ఆ శీర్షికలోని రెండవ పేరు ఎవరిదని అడుగు విద్యార్థులు తక్కువ. అది 1895 జనవరి 12వ తేదీన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిది. ఆ పద్ధతిని లోకమునకు తెలిపిన వ్యాసము 1925లో అమెరికా దేశపు 'జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ' అను పత్రిక 66వ సంపుటమున 375వ పుట మొదలు 400వ పుట వరకు అచ్చుపడినది. నాటినుండి నేటివరకు దానిని తమ వ్యాసములలో పేర్కొనిన పరిశోధకులను లెక్కింపబూనినచో సంఖ్య వేలలో తేలును. ఇరువదవ శతాబ్దమున మిక్కిలిగా ఉటంకింపబడిన జీవరసాయన వ్యాసములలో అది యొకటి.

ఇంతటి గణన పొందిన ఆ వ్యాసమే సుబ్బారావుగారి కృషిలో మేటిదా యనినచో, కాదనియే చెప్పవలెను. అంతకంటె గొప్పపనులు ఆయన చేసిరి. వానిలో కొన్నిటికి సంబంధించిన పత్రములపై ఆయన పేరే కానరాదు. శాస్త్రజ్ఞుని విలువను అతడు ప్రచురించిన పత్రముల సంఖ్యతోను, వానిని ఇతరులు పేర్కొనిన పర్యాయముల సంఖ్యతోను కొలుచు వాడుక ప్రబలియున్న ఈ దినములలో, ఈ భీమవరపు పరిశోధకుని పట్టికను ఒకమారు విప్పి చూడదగును.

ఉటంకింపు మనకు క్రొత్తది కాదు. మెదకు సీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి కాళిదాస కావ్యములకు వ్యాఖ్య వ్రాయునపుడు పదమునకు అర్థము చెప్పి ఊరకుండలేదు. ఏ నిఘంటువు ఆ అర్థమును సమ్మతించినదో, ఏ సూత్రము ఆ రూపమును సాధించినదో పేర్కొనుచు పోయెను. నేటి శాస్త్రజ్ఞుడు తన పత్రము చివర పూర్వుల పత్రములను వరుసగా పేర్కొనుట కూడ అట్టిదే. ఋణమును ఒప్పుకొనుట ఒకటి, చదువరికి దారి చూపుట రెండు. అయితే ఈ పేర్కొనుటలను తలక్రిందులుగా కూర్చి, "ఫలానా పాతవ్యాసమును తరువాతివారిలో ఎవరెవరు పేర్కొనిరి?" అను ప్రశ్నకు జవాబిచ్చు సూచిని సిద్ధపరచినవాడు అమెరికాలోని యూజీన్ గార్ఫీల్డ్. 1955లో 'సైన్స్' పత్రికలో ఆయన ఈ ఊహను వెల్లడించెను. 1964 నాటికి ఫిలడెల్ఫియా నగరమునుండి ఆ సూచి సంపుటములుగా వెలువడసాగెను. అమెరికా న్యాయవాదులకు ఇట్టి సూచి అంతకు చాలకాలము ముందే ఉండెను. ఒక పాత తీర్పును తరువాతి న్యాయస్థానములు నిలిపినవో, కాదనినవో వారు దానిలో చూచుకొనెడివారు. గార్ఫీల్డ్ ఆశించినది గ్రంథాలయములలో వెదకువారి శ్రమ తగ్గవలెననియే. మనుష్యుల ఘనతను తూచుటకు తరువాతివారు దానినే త్రాసుగా చేసికొనిరి.

ఇక 1925 నాటి వ్యాసము సంగతి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి మూడవమారు గట్టెక్కిన సుబ్బారావుగారు మద్రాసులో వైద్యము చదివి, కొంతకాలము ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించి, మామగారి తోడ్పాటుతో బోస్టన్ నగరము చేరిరి. ఆ మొదటి దినములలో ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుడుగా పనిచేసి పొట్ట పోసికొనిరి. తరువాత హార్వర్డ్ వైద్యకళాశాల జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అను ఆచార్యునివద్ద చేరిరి. ఆ శాఖకు ఓటో ఫోలిన్ అధిపతి. రక్తములోని, మూత్రములోని పదార్థములను రంగులను బట్టి కొలుచుటలో ఆయన దిట్ట. ఆ సంప్రదాయములోనే ఫిస్కే, సుబ్బారావుగార్లు భాస్వరమునకు పూనుకొనిరి.

విషయము వినుటకు సులభము. ఆమ్లద్రవములో ఫాస్ఫేటుకు మాలిబ్డేటు అను లవణమును చేర్చినచో రెండును కూడి ఫాస్ఫోమాలిబ్డేటు ఏర్పడును. దానికి తగిన క్షయకరణద్రవ్యమును చేర్చినచో అది నీలిరంగుగా మారును. భాస్వర మెంత ఎక్కువగా ఉన్నచో నీలిమ అంత చిక్కన. తెలిసిన పరిమాణము గల నమూనా ప్రక్కన దీనిని నిలిపి రెండు రంగులను సరిపోల్చినచో పరిమాణము తేలిపోవును. చిక్కంతయు ఆ క్షయకరణద్రవ్యములోనే ఉన్నది. అది ఫాస్ఫేటుతో కూడిన మాలిబ్డేటును మాత్రమే నీలపరచవలెను గాని, కూడక మిగిలినదానిని ముట్టరాదు. రంగు త్వరగా రావలెను, వచ్చినది నిలువవలెను. అంతకు ముందటి పద్ధతులలో రంగు నిలుకడ లేక పరిశోధకులు బాధపడుచుండిరి. అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లము ఈ పనికి తగినదని ఫిస్కే, సుబ్బారావుగార్లు తేల్చిరి. కొద్దిపాటి రక్తముతో, కొద్ది నిమిషములలో, నమ్మదగిన లెక్క దొరకెను. మూత్రపిండముల జబ్బులను, పిల్లల ఎముకల జబ్బులను పరీక్షించు వైద్యులకును, ఎంజైములు ఫాస్ఫేటును విడదీయు వేగమును కొలుచు రసాయనికులకును అది నిత్యావసరమయ్యెను. కొలతబద్ద వంటిది కనుక దానిని ప్రతివారును వాడిరి, వాడినవారు పేర్కొనిరి. వేలసంఖ్యలో ఉన్న ఉటంకింపుల రహస్య మిదియే.

కాని ఆ పద్ధతి కొలతబద్దగా మాత్రమే ఉండిపోలేదు. కండరమునుండి తీసిన ద్రవములో భాస్వరమును కొలుచునపుడు రంగు ఒక్కసారిగా రాక, సమయము గడచినకొలది చిక్కబడుచుండెను. మరియొకరైనచో పద్ధతిలో దోషమున్నదని దిద్దుబాటుకు దిగెడివారే. వీరిద్దరును అట్లు చేయక, ఆలస్యమునకు కారణము వెదకిరి. కండరములో సులభముగా విడిపోవు భాస్వర పదార్థమొకటి ఉన్నది, అది పరీక్షకై చేర్చిన ఆమ్లములో మెల్లమెల్లగా విడిపోవుచు ఫాస్ఫేటును వదలుచున్నది, అందుచేతనే రంగు జాగుగా ముదురుచున్నది. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో 'సైన్స్' పత్రికలో దీనిని వెల్లడించిరి. అదే కాలమున లండనులో ఎగిల్టన్ దంపతులు కూడ ఇట్టి పదార్థమును కనుగొని దానికి ఫాస్ఫాజెన్ అని పేరిడిరి. అది క్రియాటినుతో ఫాస్ఫేటు కలసినదని రుజువు చేసినది మాత్రము బోస్టన్ జంట.

దీని ప్రాముఖ్యము గ్రహింపవలెనన్నచో నాటి శాస్త్రలోకపు నమ్మిక తెలియవలెను. కండరము ముడుచుకొనుటకు శక్తి లాక్టిక్ ఆమ్లమునుండి వచ్చునని అందరును తలచుచుండిరి. కండరములలో పుట్టు వేడిమినిగూర్చి శోధించిన ఆర్చిబాల్డ్ హిల్, ప్రాణవాయువు వినియోగమునకును లాక్టిక్ ఆమ్లమునకును గల సంబంధమును చూపిన ఆటో మైయర్‌హోఫ్ 1922 సంవత్సరపు నోబెల్ బహుమానము పొందియుండిరి. కండరము పనిచేయునపుడు ఫాస్ఫోక్రియాటిన్ విడిపోవుచున్నది, విశ్రమించునపుడు మరల కూడుచున్నది అని తేలుటతో ఆ నమ్మిక కదలెను. 1930లో డెన్మార్కు దేశీయుడు లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లము పుట్టకుండనే కండరము ముడుచుకొనగలదని చూపుటతో అది కూలెను.

అంతలో 1929 వచ్చెను. కండరమునుండి మరియొక భాస్వర పదార్థమును ఫిస్కే, సుబ్బారావుగార్లు వేరుచేసి 'సైన్స్' పత్రికలో ప్రకటించిరి. అది నేడు పాఠశాల విద్యార్థికి సైతము తెలిసిన ఏ.టి.పి.; ప్రతి జీవకణమునకు చేతిఖర్చు నాణెము వంటిది. ఆ యేడే, వీరికి కొంచెము ముందుగా, మైయర్‌హోఫ్ ప్రయోగశాలలోని కార్ల్ లోమన్ జర్మన్ పత్రికలో దానినే ప్రకటించెను. ఇద్దరు స్వతంత్రముగా కనుగొనినను పాఠ్యగ్రంథములు పెక్కు లోమన్ పేరుతోనే సరిపెట్టుకొనుచున్నవి.

ఉటంకింపుల సూచిలోని వింత ఇచ్చటనే కలదు. భాస్వరమును కొలిచిన ప్రతివాడును 1925 నాటి వ్యాసమును పేర్కొనెను. ఏ.టి.పి.ని గూర్చి వ్రాయు లక్షలాది రచయితలలో 1929 నాటి పత్రమును పేర్కొనువాడు అరుదు. ఏలయన, ఆ జ్ఞానము అందరి సొత్తైపోయినది. భూమి గుండ్రముగా ఉన్నదని వ్రాయుటకు ఎవరును ప్రమాణము చూపరు గదా! రాబర్ట్ మెర్టన్ అను సామాజిక శాస్త్రవేత్త ఈ స్థితిని గుర్తించి, ఒక భావము శాస్త్రములో పూర్తిగా కలిసిపోవుటయే దాని మూలమును చెరిపివేయునని చెప్పెను. కొలతబద్దల విషయములోను ఇది కొంత నిజమే. 1959లో బార్ట్‌లెట్ అనునతడు ఫిస్కే–సుబ్బారావు పద్ధతిని క్రొవ్వులలోని భాస్వరమునకు అనుకూలముగా సవరించెను. ఆ సవరణ వ్యాసము కూడ మిక్కిలి ప్రసిద్ధి పొందెను. దానిని పేర్కొనువారి లెక్క బార్ట్‌లెట్ ఖాతాలో చేరునే గాని సుబ్బారావుగారి ఖాతాలో చేరదు.

1930లో హార్వర్డ్ వారు సుబ్బారావుగారికి డాక్టరు పట్టము నిచ్చిరి. స్థిరమైన ఉద్యోగము నీయలేదు. ఆ పదియేండ్లలో ఆయన కాలేయములోని రక్తవర్ధక పదార్థములను, బి విటమినులను శోధించుచు గడపిరి. 1939లో పాంటోథెనిక్ ఆమ్లమును గూర్చిన పత్రము హిచింగ్స్‌తో కలిసి వ్రాసినది. ఆ జార్జి హిచింగ్సే పిమ్మట 1988లో నోబెల్ బహుమానము పంచుకొనిన శాస్త్రజ్ఞుడు. సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులను ఫిస్కే ఈర్ష్యవలన వెలుగు చూడనీయలేదనియు, వానిని ఏండ్లు గడచిన పిమ్మట ఇతరులు తిరిగి కనుగొనవలసి వచ్చినదనియు హిచింగ్స్ అభిప్రాయపడెను. ఇది ఒకరి మాట. ఫిస్కే పక్షమున చెప్పుటకు ఆయన లేడు. అయినను అచ్చుకాని పత్రమునకు ఉటంకింపు ఉండదను మాట మాత్రము వాదమునకు అతీతము. పుట్టని బిడ్డను జనాభా లెక్కలలో ఎవరు వ్రాసెదరు?

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ గ్రామమున లెడర్లే ప్రయోగశాలలలో చేరి, పరిశోధనకు అధిపతియై, 1948లో మరణించువరకు అచ్చటనే పనిచేసిరి. ఆ ఎనిమిదేండ్ల పత్రములపై పేర్ల వరుసను పరికించుట విద్యార్థులకు ఒక పాఠము. అధిపతి పేరు ప్రతి పత్రముపై తప్పక ఉండుట నేడు పెక్కు ప్రయోగశాలలలో ఆచారము. అచ్చట అట్లు జరుగలేదు. 1946లో ఫోలిక్ ఆమ్లపు నిర్మాణమును, కృత్రిమ తయారీని తెలిపిన 'సైన్స్' పత్రమునకు పదునారుగురు రచయితలు. అందు సుబ్బారావుగారి పేరు ఏడవది. పేర్లు రెండు జట్లుగా, జట్టులో ఆంగ్ల అక్షరక్రమమున పోవుచున్నవి. అందుచేత అధిపతి పేరు స్టాక్‌స్టాడ్‌కు తరువాత, వాలర్‌కు ముందు వచ్చినది. హోదాకు కాక అక్షరమాలకు లోబడిన వరుస అది. ఫోలిక్ ఆమ్లమునకును ఆయనకును మరియొక ముడి కూడ కలదు. యౌవనమున ఆయన అన్నదమ్ము లిద్దరు కొలది దినముల తేడాతో స్ప్రూ అను సంగ్రహణి జబ్బున పోయిరి. ఆ జబ్బుకు ఉపకరించిన మందులలో ఫోలిక్ ఆమ్లము ముఖ్యమైనది.

ఫోలిక్ ఆమ్లము దొరకిన పిమ్మట దానికి విరోధి కావలసివచ్చెను. రక్తపు కాన్సరు కణములు ఫోలిక్ ఆమ్లమును ఆధారము చేసికొని పెరుగుచున్నవి. దాని రూపమును పోలి దాని పనిని చెరుచు పదార్థమున్నచో ఆ పెరుగుదల ఆగును. ఆ ఊహతో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలోని సిడ్నీ ఫార్బర్ అట్టి పదార్థములను కోరగా, లెడర్లే రసాయనికులు తయారుచేసి యిచ్చిరి. ఆ మందు అమినోప్టెరిన్. దాని తయారీని తెలిపిన 1947 నాటి రసాయన పత్రముపై సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్ అను ముగ్గురి పేర్లు కలవు. సుబ్బారావుగారి పేరు లేదు. 1948 జూనులో ఫార్బర్ బృందము ప్రకటించిన వైద్యపత్రము కాన్సరు చికిత్సాచరిత్రలో ఒక మైలురాయి. పదునారుగురు పిల్లలకు మందు నీయగా పదిమందిలో మేలు కనిపించెను; ఆ మేలు తాత్కాలికమే యని శీర్షికలోనే స్పష్టపరచిరి. దానిపైనను ఆయన పేరు లేదు. అమినోప్టెరినుకు తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని పిల్లల ల్యుకేమియాలోను, కీళ్లవాతములోను వైద్యులు వాడుచున్న మందు; దాని తయారీని తెలిపిన పత్రము 1949లో, ఆయన మరణానంతరమున, వచ్చినది. ఆరియోమైసిన్ అను జీవనాశకౌషధము సంగతియు అట్టిదే. సుబ్బారావుగారి పరిశోధనా విభాగములో వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ దానిని కనుగొని, 1948లో తన ఒక్కని పేరుతో ప్రకటించెను.

గోదావరి జిల్లాల వారికి బోదకాలును వర్ణించి చెప్పనక్కరలేదు. దాని క్రిములను చంపు డైఎథిల్ కార్బమజీన్, అనగా హెట్రజాన్, 1947లో ఆ ప్రయోగశాలలలోనే పుట్టినది. 2004 నుండి మన దేశమున ఏటేటా ఊరూర జనులచేత మ్రింగించు మాత్రలలో అదియొకటి. ఇంటింటికి తిరిగి మాత్ర లిచ్చు ఆరోగ్య కార్యకర్త ఏ పత్రికలోను ఏ పత్రమును పేర్కొనదు. మ్రింగిన రైతు అంతకంటె పేర్కొనడు. ఆ వాడుక ఉటంకింపుల సూచిలో సున్న.

ఈ సూచుల త్రాసు ఎట్లు తూచునో తెలియుటకు మరియొక పేరు చాలును. లోకములో అన్నిటికంటె ఎక్కువగా ఉటంకింపబడిన శాస్త్రవ్యాసము 1951లో ఆలివర్ లౌరీ బృందము ప్రకటించినది. మాంసకృత్తులను కొలుచు పద్ధతి. 2014 నాటికి దాని ఉటంకింపులు 3 లక్షలు మించినవి. ఆ పద్ధతికి ఆధారము సుబ్బారావుగారి శాఖాధిపతియైన ఫోలిన్ పేరిట నున్న ద్రావకము. లౌరీ సైతము 1937 మొదలు కొన్నియేండ్లు ఆ హార్వర్డ్ శాఖలోనే ఉండెను. అది తన గొప్ప పత్రమేమియు కాదని లౌరీయే నవ్వుచు వ్రాసికొనియుండెను. ఒక శాఖ గోడల నడుమ పెరిగిన రంగుల విద్య రెండు ప్రపంచప్రసిద్ధ కొలతబద్దల నిచ్చినది.

2005లో హోర్హే హిర్ష్ అను భౌతికశాస్త్రజ్ఞుడు హెచ్-సూచిక అను మరియొక లెక్కను ప్రవేశపెట్టెను. ఒకని పత్రములలో పది పత్రములకైనను ఒక్కొక్కదానికి కనీసము పది ఉటంకింపులు ఉండి, పదునొకండు పత్రములకు పదునొకండేసి లేకున్నచో, అతని సూచిక పది. ఈ లెక్కలో ఒక పత్రమునకు వేల ఉటంకింపులున్నను అది ఒక్కటిగానే చెల్లును. 1925 నాటి వ్యాసము వంటి పర్వతము ఆ లెక్కలో గులకరాయితో సమానము. దానికితోడు పేరు వ్రాతలోని తికమక ఒకటి. సుబ్బారావు అను తెలుగుపేరు ఆంగ్ల పత్రములలో ఒకచోట ఒకే మాటగా, మరియొకచోట 'సుబ్బ' 'రో' అని రెండు పెద్దక్షరములతో కనిపించును. ఇంటిపేరేదో, పెట్టినపేరేదో ఎరుగని సూచికర్త చేతిలో ఒక మనుష్యుడు ఇద్దరగుటకు ఇది చాలును. ఇంటిపేరును ముందు వ్రాసికొను తెలుగు పరిశోధకులందరు నేటికిని పడుచున్న బాధయే యిది.

ఉద్యోగములను, పదోన్నతులను, ధనసహాయమును ఈ అంకెలను బట్టియే పంచుట తగదని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కూడిన పత్రికా సంపాదకులు, శాస్త్రజ్ఞులు ఒక ప్రకటన సిద్ధపరచిరి. పత్రిక ప్రతిష్ఠను చూచి గాక పత్రమును చదివి తీర్పు చెప్పవలెనని వారి కోరిక. లోకములోని పెక్కు సంస్థలు దానిపై సంతకము చేసినవి. అయినను అంకె సులభము, చదువుట కష్టము. నియామక సంఘములకు ఉండునది మధ్యాహ్నపు రెండు గంటలే. అంకెలకు లొంగిన చోట పరిశోధకులు ఒకే పనిని ముక్కలుచేసి నాలుగు పత్రములుగా ప్రకటించుట, తమను తామే పేర్కొనుకొనుట కూడ ఎరిగినదే. 1930 ప్రాంతమున హార్వర్డులో ఇట్టి అంకె ఏదియు లేదు. పత్రములను చదువగల ఆచార్యులు మాత్రమే ఉండిరి. అయినను సుబ్బారావుగారికి స్థానము దొరకలేదు. కావున దోషమంతయు అంకెలపై త్రోయుటయు న్యాయము కాదు.

1948 ఆగస్టులో, ఏబది మూడేండ్ల వయస్సున, ఆయన నిద్రలో మరణించిరి. అమెరికాలో పాతికయేండ్లు బ్రతికియు ఆ దేశపు పౌరుడు కాలేదు. 1953లో హెసెల్టిన్ అను శాస్త్రజ్ఞుడు క్రొత్తగా కనుగొనిన ఒక బూజుజాతికి 'సుబ్బరోమైసిస్ స్ప్లెండెన్స్' అని నామకరణము చేసెను. 1995లో, శతజయంతి సంవత్సరమున, భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల వెలువరించెను.  బూజుపేరు మాత్రము దానిని గూర్చి వ్రాయు ప్రతి పత్రములోను, ఏ సూచియు లెక్కింపని తీరున, అచ్చగుచునే యున్నది.